డిజిటల్ పాట కొందరికి పడదా? క్యాసెట్ డెక్ పక్కన పెట్టుకుని మూడేళ్ళ వాడకం

వంకాయ పడనివాళ్ళు ఉన్నట్టే డిజిటల్ పాట పడనివాళ్ళూ ఉన్నారు. అరగంట వింటే తల దిమ్ము, చెవిలో పోటు, చిరాకు. అదే పాట క్యాసెట్లో పెడితే పూటంతా విన్నా ఏమీ కాదంటారు. "ఏటో, చెవిలో గుచ్చీసినట్టుంటాది" అని విజయనగరంలో చెప్పేవాళ్ళలో సంగీతం తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. అంచేత చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. మూడేళ్ళు నాలుగు రకాల సామానుతో విన్నాక మా లెక్క ఇది: నొప్పి నిజమే, దొంగే వేరు.

సామాను సంగతి. ఫోనుకు తగిలించే యూఎస్‌బీ-సి డాంగుల్ డాక్ (అంకెలను మళ్ళీ శబ్దపు కరెంటుగా మార్చే బుల్లి పరికరం), దానికో తీగ ఇయర్‌ఫోన్. బయటి చప్పుడును అణిచే ఏఎన్‌సీ ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్. క్లాస్-డీ రకం చిన్న ఆంప్లిఫయర్, 4 అంగుళాల ఊఫర్లున్న స్పీకర్ల జత. పోల్చడానికి హెడ్ శుభ్రం చేసి, అజిముత్ (టేపుకు హెడ్ ఆనే కోణం) సరిచేసిన క్యాసెట్ డెక్. విన్నవి ఎక్కువగా బొబ్బిలి వీణ, వయొలిన్, నాదస్వరం, తప్పెటగుళ్ళు. మీటు పడ్డ క్షణం ఎంత శుభ్రంగా వస్తోందో వీణ చెబుతుంది. వయొలిన్ పై తీగ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య చెవిని గీరుతోందా లేదా పట్టిస్తుంది.

అసలు పరీక్ష ముందు చెప్పేస్తాం, మిగతాదంతా దీనిమీదే నిలబడింది. శబ్దాన్ని అంకెలుగా మార్చడమే ఒంటికి పడదనుకుంటే, హాయిగా ఉండే క్యాసెట్ శబ్దాన్నే అంకెలుగా మార్చి వినిపిస్తే అదీ గుచ్చాలి. డెక్ లైన్ అవుట్‌ను రెండు దారులు చేయండి. ఒకటి నేరుగా ఆంప్లిఫయర్‌కు. రెండోది ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళి, సీడీ కొలత 44.1 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్ అయి, మళ్ళీ అనలాగై అదే ఆంప్లిఫయర్ రెండో ఇన్‌పుట్‌కు. ఎంత గట్టి చోటైనా ఇంటర్‌ఫేస్ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఎర్ర దీపం ఒక్కసారి వెలిగినా ఆ విడత కొట్టేయాలి.

చాలామంది తప్పేది ఆ తర్వాత, రెండు దారుల మట్టం కలపడంలో. అర డెసిబెల్ ఎక్కువున్నది చెవికి 'గట్టిగా' అనిపించదు, 'స్పష్టంగా' అనిపిస్తుంది. ఇంకాస్త పెరిగితే 'గుచ్చుతోంది' అనిపిస్తుంది. టేపు మీది టోను ఊగుతుంది కాబట్టి దానితో కొలవొద్దు. డెక్ స్థానంలో ఫోను పెట్టి 400 హెర్ట్జ్ టోను ఇచ్చి, స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర ఏసీ ఓల్టేజి చూడండి. రెండు దారుల తేడా 2 శాతంలోపు, అంటే సుమారు 0.2 డెసిబెల్‌లోపు ఉండాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే చవక పసుపు మల్టీమీటర్లో ఏసీ రేంజ్ 200 ఓల్టులతో మొదలవుతుంది, ఇక్కడ పనికిరాదు. 2 ఓల్టుల ఏసీ రేంజ్ ఉన్నది తెచ్చుకోండి.

ఆంప్లిఫయర్‌మీద ఇన్‌పుట్ మార్చే స్విచ్ వేరొకరు తిప్పాలి, అదీ బొమ్మా బొరుసూ వేసి. వినేవాళ్ళకు స్విచ్ గానీ తిప్పేవాళ్ళ ముఖం గానీ కనపడకూడదు. డిజిటల్ దారిలో కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, పాట నడుస్తుండగా తిప్పితే ఆ చిన్న గెంతే గుట్టు చెప్పేస్తుంది. మధ్యలో 2 సెకన్లు మ్యూట్ చేయండి. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే లెక్కలోకి తీసుకోవచ్చు, ఊరికే ఊహించి 12 కొట్టే అవకాశం 4 శాతంలోపే. మా గదిలో ఎవరూ అంతవరకు రాలేదు. తలనొప్పి వెంటనే రాదు కదా అనే వాదన న్యాయమైనదే. దానికి రోజుకొక అరగంట చొప్పున 10 రోజులు, ఏ దారి అన్నది సహాయకుడి చీటీలోనే ఉంచి, వినేవాళ్ళు తల ఎలా ఉందో మాత్రం రాసుకోవాలి. ఆ రాతా చీటీ 10లో 9 రోజులు కలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం, 8 చాలవు.

ఈ ఫిర్యాదు సీడీ కంటే పాతది. సీడీ ప్లేయరు 1982లో జపాన్ బజారులోకి వచ్చింది. అంతకుముందే, 1980లో, జాన్ డైమండ్ అనే మనోవైద్యుడు డిజిటల్ రికార్డింగు వింటే కండరాల బలం తగ్గుతుందన్నాడు. చాచిన చేతిని కిందికి నొక్కి చూడటం ఆయన పద్ధతి. ఏ రికార్డు మోగుతోందో నొక్కేవాడికి తెలిసినంతకాలం ఆ పరీక్ష చెల్లదు. మేం చేసిన దారి మళ్ళింపునే 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు పెద్ద ఎత్తున చేశారు. హై-రెజల్యూషన్ (సీడీ కంటే సన్నని కొలత) డిస్కుల శబ్దాన్ని సీడీ కొలత గుండా పోనిచ్చి 554 సార్లు అడిగితే 276 సార్లు సరైన జవాబు వచ్చింది. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. నాణేనికి రెండో వైపూ ఉంది. 2016లో జాషువా రైస్ 18 ప్రయోగాలను కలిపి లెక్కేస్తే హై-రెజల్యూషన్‌ను గుర్తుపట్టినది 52.3 శాతం, ముందుగా శిక్షణ ఇచ్చిన చోట 60 శాతం దాకా. తేడా బొత్తిగా లేదని కాదు, సన్నని తేడా కొందరికి అందుతుండవచ్చు. అయితే ఇవి 'తేడా తెలిసిందా' అని అడిగిన ప్రయోగాలు, 'నొప్పి పుట్టిందా' అని కాదు.

డిజిటల్ శబ్దం మెట్లుమెట్లుగా ఉంటుంది, ఆ మెట్లే గుచ్చుతాయి అనే బొమ్మ చాలామంది తలలో ఉంది. డాక్ చివరి ఫిల్టరు దాటాక మెట్లుండవు, 22 కిలోహెర్ట్జ్ లోపలిదంతా నున్నటి అలగానే బయటికొస్తుంది. విజయనగరంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. 1919లో మొదలైన మన సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డులను ఇవాళ వినేవాళ్ళు దాదాపు అంతా డిజిటల్ ఫైళ్ళుగానే వింటున్నారు. ఆ వయొలిన్ చెవిలో గుచ్చిందని ఎవరూ అనగా మేం వినలేదు. ఆ లక్క రికార్డుల్లో పై స్థాయి ట్రెబుల్ లేదు, అంతే. క్యాసెట్టూ ఆ జాతిదే. మామూలు ఫెర్రిక్ టేపు పైకి పోయేకొద్దీ ట్రెబుల్ జారవిడుస్తుంది, గట్టి దెబ్బను మెత్తగా నొక్కుతుంది. మీడియం వేవ్ రేడియో సరేసరి, స్టేషన్ల మధ్య దూరమే 9 కిలోహెర్ట్జ్.

అయితే గుచ్చుతున్నదేమిటి? మా వాడకంలో మొదటి దోషి ఇయర్‌ఫోన్. చెవి కాలువ సహజంగానే 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచుతుంది. లోపలికి దూర్చే రకం పెట్టగానే 7 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఇంకో శిఖరం లేస్తుంది, అది ఎక్కడ లేస్తుందన్నది ఎంత లోతుకు పెట్టారన్న దాన్నిబట్టి మారుతుంది. మీ చెవిలో దాన్ని మీరే వెతకాలి. వాల్యూమ్ బాగా తగ్గించి, 2 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా అరనిమిషం పాటు నెమ్మదిగా పాకే టోను వినండి. ఎక్కడ సూదిలా తగిలిందో ఆ అంకె రాసుకోండి. పారామెట్రిక్ ఈక్వలైజర్లో (కోరిన చోట మాత్రమే శబ్దాన్ని పెంచి తగ్గించేది) అక్కడ మైనస్ 4 డెసిబెల్స్, క్యూ విలువ (కోత ఎంత ఇరుకో చెప్పే అంకె) 3 పెట్టండి. మళ్ళీ పాకించి చూడండి. మొత్తం ట్రెబుల్‌ను ఒక్కసారిగా కోసేస్తే మొదట హాయిగానే ఉంటుంది, వారం తిరిగేసరికి పాట మూగబోయిందని వాల్యూమ్ పెంచుతారు, కథ మొదటికొస్తుంది. ఫోమ్ టిప్స్ ఈ శిఖరాన్ని కొంత మింగుతాయి, గట్టిపడ్డాక మార్చేయాలి. పెద్ద సైజు టిప్ దవడ కీలు దగ్గర ఒత్తితే ఆ నొప్పి చెవిపోటులాగే ఉంటుంది. నమిలేటప్పుడు ఎక్కువైతే అదేనేమో చూసుకోండి.

రెండోది పాట తయారీ. పాత సినిమా పాటలను 'రీమాస్టర్' పేరుతో నొక్కి నొక్కి మట్టం పెంచిన ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో తెరిస్తే అల ఇటుకలా కనిపిస్తుంది, ఎత్తుపల్లాలుండవు. క్యాసెట్‌తో పోల్చి డిజిటల్‌ను తిట్టేవాళ్ళు చాలామంది పోల్చింది ఈ ఇటుకతో. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ పెడితే మట్టం దిగుతుంది, నలిగిన శిఖరాలు మాత్రం తిరిగి రావు. పాత సీడీ దొరికితే అదే మేలు. 128 కేబీపీఎస్ ఎంపీ3ని బ్లూటూత్‌లో వింటే శబ్దం రెండుసార్లు నలుగుతుంది. భజన తాళాలు 'టింగ్' అనడం మానేసి 'ష్‌ష్' అంటాయి.

ఏఎన్‌సీ హెడ్‌ఫోన్‌ది వేరే కథ. దీని పరీక్ష సులువు: నిశ్శబ్దంగా ఉన్న గదిలో పాట లేకుండా ఏఎన్‌సీ ఒక్కటే వేసి పది నిమిషాలు కూర్చోండి. చెవి మూసుకుపోయినట్టు, ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టు ఉంటే మీకు పడనిది అదే. కొందరికి నిజంగానే పడదు. బయటి శబ్దాన్ని లోపలికి వదిలే ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌లో గానీ పూర్తిగా ఆపేసి గానీ వినండి. బ్లూటూత్ రేడియో తరంగాలమీద అనుమానం ఉంటే, బ్లూటూత్ ఆన్‌లోనే ఉంచి తీగతో విని చూడండి. మామూలు క్లాస్-2 బ్లూటూత్ గరిష్ఠ శక్తి 2.5 మిల్లీవాట్లు. 4జీ (ఎల్‌టీఈ) ఫోను 200 మిల్లీవాట్ల దాకా పోతుంది, దాన్ని చెవికానించి గంటలు మాట్లాడేవాళ్ళే హెడ్‌ఫోన్‌కు భయపడుతుంటారు.

స్పీకర్లలో వినేవాళ్ళకు దోషి గది. స్లాబు, టైల్స్, సున్నం కొట్టిన ఖాళీ గోడలు. గది మధ్యలో చప్పట్లు కొట్టండి, 'టర్‌ర్' మని తిరిగొస్తే ట్రెబుల్ గోడలమధ్య బంతాట ఆడుతోందని అర్థం. దళసరి బొంతను గోడకు అంటించకుండా 5 సెంటీమీటర్లు ఎడంగా వేలాడదీయండి. ఎక్కడ అంటే, కూర్చున్న చోటు నుంచి పక్క గోడమీద అద్దం జరిపిస్తూ స్పీకరు కనిపించిన చోట. నేలమీద చాప చాలదు, పరుపు కావాలి. స్పీకర్ల ముఖం సరిగ్గా చెవులకేసి కాకుండా 15 డిగ్రీలు పక్కకు తిప్పండి. వేల రూపాయలు పోసి డాక్ మార్చినదాని కంటే రెండు బొంతలు వేలాడదీసిన తేడా ఎక్కువ. అమ్మేవాళ్ళకు ఈ మాట నచ్చదనుకోండి.

కరెంటు సంగతి మన జిల్లాల్లో మరీ ముఖ్యం. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అందుకోగానే 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350... అలా బేసి హార్మోనిక్స్ పొడుచుకొస్తాయి, స్పీకరు జుయ్‌మంటుంది. ఆ జుయ్ పాట వెనక దాక్కుని తల తింటుంది. ఇన్వర్టర్ మీద ఉన్నంతసేపూ ఫోను, డాంగుల్ బ్యాటరీమీదే నడపండి, చార్జర్ తగిలించొద్దు. కరెంటు అలను కోసి వేగం తగ్గించే ట్రయాక్ రకం ఫ్యాన్ రెగ్యులేటరుదీ ఇదే పాట, కెపాసిటర్ స్టెప్ రకానికి మార్చండి. ల్యాప్‌టాప్ లోహపు ఒళ్ళు ముడితే జిల్లుమంటే అడాప్టర్‌కు ఎర్త్ అందడంలేదు. మూడు పిన్నుల సాకెట్లో పెట్టండి, హమ్ పోవాలని ఎర్త్ పిన్ను విరిచే పని మాత్రం చేయకండి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి 3.5 ఎంఎం పిన్ను నల్లబడి ఒక చెవిలో సన్నగిల్లుతుంది. రెండు చెవుల మట్టం కలవకపోయినా అలసటే. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఒక నిజమైన సున్నితత్వం ఇక్కడే ఉంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నగా కూసేది. పిల్లలకు వినిపించేది, పెద్దల్లో చాలామందికి వినిపించేది కాదు. నాసిరకం చార్జర్లు కొన్ని అలాగే కూస్తాయి. ఆ కూత అందే చెవికి చిరాకు పుడుతుంది, నింద పాటకు పోతుంది. అనుమానమొస్తే గదిలోని చార్జర్లు ఒక్కొక్కటే ఊడదీయండి.

విరామం మాట. క్యాసెట్ సి-60 ఒక వైపు 30 నిమిషాలు, తర్వాత లేచి తిప్పాలి. 78 రికార్డు మూడు నిమిషాల పైచిలుకే. స్ట్రీమింగ్‌కు చివర లేదు. క్యాసెట్ హాయిలో సగం ఆ లేవడంలోనే ఉందని మా నమ్మకం. 30 నిమిషాల స్లీప్ టైమర్ పెట్టి చూడండి. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. సిరిమానోత్సవం రోజుల్లో డీజే బాక్సుల పక్కన నిలబడి వచ్చిన చెవితో రెండు రోజులదాకా ఏ సామానుకూ తీర్పు చెప్పకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ఏ శబ్దమైనా, పళ్ళెం కింద పెట్టిన మోత సైతం, నొప్పి పుట్టిస్తే అది హైపరాక్యూసిస్ కావచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు చప్పుడు పడకపోవడం మామూలే. పెద్ద మోతకు తల తిరిగితే లోపలి చెవి ఎముక సమస్య కావచ్చు, అది ఈఎన్‌టీ డాక్టరే చూడాలి. వయసు మీద పడి వినికిడి తగ్గినవాళ్ళలో ఒక వింత ఉంటుంది: మెల్లని మాట అందదు, కాస్త పెంచగానే భరించలేరు. "డిజిటల్ పడదు" అనే పెద్దవాళ్ళలో ఈ రకం ఎక్కువని మాకు అనిపించింది. మామూలు ఆడియోగ్రామ్ 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఎంత మెల్లనిది వినపడుతుందో చెబుతుంది. దానితో పాటు ఎంత గట్టిది భరించగలరో, అంటే లౌడ్‌నెస్ డిస్‌కంఫర్ట్ లెవెల్, అది కూడా తీయమని ఆడియాలజిస్టును అడగండి. ఆ రిపోర్టు వచ్చేదాకా చప్పుడుకు భయపడి రోజంతా ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకు తిరగకండి, చెవి ఇంకా సున్నితమవుతుంది. మోత ఉన్నచోట పెట్టుకుని, ఇంటికి రాగానే తీసేయండి.