గోడలో దాచిన ఫ్లష్ ట్యాంకు: రెండు ఇళ్ళలో ఆరేళ్ళ వాడకం

మా బాత్రూంలో ఫినైలు సీసా పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఉన్నది సంక్రాంతికి మిగిలిన ఎర్ర రంగు ముగ్గుపిండి. చుట్టాలెవరైనా చూస్తే అదేమిటక్కడ అని అడుగుతారు. చెప్పాలంటే కన్సీల్డ్ ట్యాంకు కథంతా చెప్పాలి.

కమోడ్ గోడకి వేలాడుతూ, ట్యాంకు గోడలో దాక్కుని, బయటికి బటన్ ప్లేటొక్కటే కనిపించే ఆ సరంజామా ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. నేను రెండు చోట్ల పెట్టించాను. 2019 డిసెంబరులో హైదరాబాద్ బాచుపల్లిలోని మా ఫ్లాట్‌లో, ఏడాది తిరిగాక పద్మారావునగర్‌లో అమ్మ ఉండే ఇంట్లో. మాది మైవాన్ పద్ధతిలో ఇటుకల్లేకుండా పోసిన కాంక్రీటు గోడల అపార్ట్‌మెంటు. అమ్మది 1984లో నాన్న కట్టించిన ఇటుక ఇల్లు. మొదటి మూడేళ్ళు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా "కళ్ళు మూసుకుని పెట్టించుకోండి" అని చెప్పాను. కొంపల్లిలో మా వదిన నా మాట మీదే పెట్టించుకుంది. పెట్టించుకోండి అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను, చాలావరకు. "కళ్ళు మూసుకుని" అన్న ముక్క మాత్రం తీసేస్తున్నాను.

అమ్మ ఇంటి పని మొదలుపెట్టేటప్పుడు అందరూ భయపెట్టారు. షాబాద్ బండలు లేపితే కింద ఏం బయటపడుతుందో, పాత జీఐ ఇనుప పైపులు ఎక్కడ పుచ్చిపోయాయో అని. భయం వట్టిది కాదు. ముప్పావు అంగుళం పైపు కోసి చూస్తే లోపల తుప్పు పేరుకుని పెన్సిలు దూరేంత సందే మిగిలింది. అన్నీ పీకేసి చన్నీళ్ళకి యూపీవీసీ, గీజర్ లైనుకి వేడి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించాం. వారం అనుకున్న పని మూడు వారాలు పట్టింది. కానీ గోడ వెనకే సందు, సందులో డ్రైనేజీ ఛాంబరు. బీడు పైపు తీసేసి నాలుగంగుళాల పీవీసీ వేస్తే ఆరడుగుల్లో పని అయిపోయింది. తొమ్మిదంగుళాల గోడని మేస్త్రీ ముట్టుకోలేదు. "పైన స్లాబంతా దీని మీదనే ఉన్నది తల్లీ, దీన్ని తొలిస్తే ఎట్ల?" అని గోడకి ముందు, ట్యాంకునీ కమోడ్‌నీ మోసే ఫ్రేము నిలబెట్టి, దాన్ని కప్పుతూ నాలుగడుగుల ఎత్తున అరగోడ కట్టాడు.

అసలే చిన్న బాత్రూం, ఇంకో ఎనిమిదంగుళాలు పోయాయని అమ్మ సణిగింది. నెల తిరిగేసరికి ఆ అరగోడ మీదికి కళ్ళజోడు, టార్చిలైటు, జండూబామ్ చేరాయి. లేచేటప్పుడు చెయ్యి ఆనించుకునేదీ దానికే. ఇక ఎత్తు సంగతి. నేల మీద నిలబెట్టే కమోడ్ ఎంత ఎత్తుతో వస్తే అంతే. దీన్ని మనకి కావలసిన ఎత్తులో బిగించుకోవచ్చు. స్టూలు మీద పీటలు వేసి, ఒక్కొక్కటే పెంచుతూ అమ్మని కూర్చోబెట్టి లేపాం. పద్దెనిమిదిన్నర అంగుళాల దగ్గర మూలగకుండా లేచింది. గోడ మీద పెన్సిలుతో అక్కడే గీత పెట్టాం. అంతకుముందు అమ్మ వాడింది ఇండియన్ టాయిలెట్టు. రెండు మోకాళ్ళూ అరిగిపోయిన మనిషి మూడేళ్ళు అలాగే లాక్కొచ్చింది, మాకు చెప్పకుండా. గోడకి వేలాడేది ఊడి పడితేనో అని మొదట్లో అంచు మీదే కూర్చునేది. 400 కిలోల బరువు పెట్టి పరీక్షిస్తారమ్మా అంటే, "నాలుగు క్వింటాళ్ళా! వడ్ల బస్తాలు పెడతారా దాని మీద?" అంది.



ఫ్లాట్ పని ఐదు రోజుల్లో ముగిసింది. కాంక్రీటు గోడకి గాడి కొట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోదు కాబట్టి ఇక్కడా గోడ ముందు పెట్టె కట్టడమే. టైల్స్ మేస్త్రీ చేతిపని చూసి ముచ్చటపడ్డాం. బటన్ ప్లేటు చుట్టూ వెంట్రుక వాసి సందు లేకుండా టైలు కోసి అతికించాడు. మా ఆయన ఫొటో తీసి అందరికీ పంపారు. ఆ నీటుతనమే తర్వాత మా కొంప ముంచింది.

2023 ఏప్రిల్‌లో నీళ్ళ బిల్లు పెరిగింది. మా దగ్గర బోర్లూ ట్యాంకర్లే గతి, ఫ్లాటుకో మీటరు పెట్టారు. ముగ్గురం రోజుకి 400 లీటర్లు వాడేవాళ్ళం. అది 650 దాటింది. మా ఆయన నా తలస్నానాలని అనుమానించారు, నేను మా అబ్బాయి షవర్‌ని. రాత్రి నిద్ర పట్టనప్పుడు బాత్రూంలోంచి ‘స్స్‌’మని ఒక చప్పుడు వినిపించేది. పది సెకన్లు, అంతే. మళ్ళీ పది నిమిషాలకి ఇంకోసారి. పైవాళ్ళ పైపులే అనుకున్నాం. చివరికి ఒక రోజు పడుకునే ముందు పదింటికి మీటరు ఫొటో తీశాను. తెల్లవారుజామున ఐదింటికి ఇంకోటి. అందరం నిద్రపోతున్న ఏడు గంటల్లో 70 లీటర్లు ఎటో పోయాయి.

నేల ఎక్కడా తడి లేదు. కింది ఫ్లాట్ సీలింగు పొడిగానే ఉంది. ఫోన్లో అమ్మకి చెప్పుకుంటే, "కమోడు లోపల వెనకవైపు పొడిగుడ్డతో తుడిచి కాస్త రంగు ముగ్గు చల్లు. అరగంట ఎవరూ వెళ్ళకండి" అంది. గోడలో చెమ్మ ఎక్కణ్ణించి దిగుతోందో నాన్న ఇలాగే పట్టేవారట. అరగంట తర్వాత చూస్తే ఎర్రటి పొడి మధ్య చీమలబారుల్లా రెండు సన్నని తెల్లగీతలు. ట్యాంకులో నీళ్ళు పగలూ రాత్రీ చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతున్నాయి. ట్యాంకు తగ్గినప్పుడల్లా నింపుకునే చప్పుడే నేను విన్నది.

మొదట వచ్చిన ప్లంబరు గోడ మీద రెండుసార్లు తట్టి, "లోపల ట్యాంకే పగిలినట్టుంది మేడమ్, మొత్తం పలగ్గొట్టాలె" అన్నాడు. పలగ్గొడితే పద్నాలుగు టైల్స్ పోతాయి. ఆ డిజైను ఇప్పుడు రావడం లేదు. మిగిలిన ముక్కలు మేం దాచలేదు. అమ్మ మాత్రం తన ఇంటి టైల్స్ ఆరు, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. ఆ రోజు ఎంత అసూయ పడ్డానో!

కంపెనీ సర్వీసువాళ్ళకి ఫోన్ చేస్తే తొమ్మిది రోజులకి ఒక కుర్రాడొచ్చాడు. ఆ తొమ్మిది రోజులూ వాల్వు కట్టేసి బకెట్టు, మగ్గుతోనే నడిపించాం. అతను ప్లేటుని పైకి నెట్టి ఊడదీశాడు. వెనక పంచాంగం అంత కిటికీ. ట్యాంకులో పాడయ్యేవన్నీ ఆ కిటికీలోంచే బయటికి తీయొచ్చట, గోడ జోలికే పోనక్కర్లేదట. ఇంత తేలికా అనుకునే లోపే అతని మొహం మారింది. కిటికీ చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ చట్రాన్ని మా టైల్స్ మేస్త్రీ కోసేసి, అందం కోసం నాలుగువైపులా టైలుని లోపలికి జరిపాడు. చెయ్యి పోతోంది గానీ చేతిలోని సామాను బయటికి రావడం లేదు. కట్టర్ పెట్టి అంచులు కోయాల్సి వచ్చింది. రెండు గంటలు, ఇల్లంతా తెల్లటి దుమ్ము, ఒక టైలు మూల చిట్లింది. ట్యాంకు లోపలి చిన్న వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోయి అసలు తిరగలేదు. బాత్రూం మెయిన్ వాల్వేమో ఫాల్స్ సీలింగు పైన. నిచ్చెన కోసం వాచ్‌మన్ దగ్గరికి పరుగు.

తీరా బయటికొచ్చింది ఒక రబ్బరు వాషరు. దాని అంచంతా గార కట్టి గరుకు తేలింది. ధర 180 రూపాయలు.

అక్కడితో ఆగి ఉంటే ఇంత రాయను. పదకొండు నెలలకి మళ్ళీ అదే ‘స్స్‌’. అసోసియేషన్ మా బోరు నీళ్ళకి పరీక్ష చేయిస్తే హార్డ్‌నెస్ (గార కట్టించే ఉప్పులు) లీటరుకి 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగేనీటికి మన దేశపు ప్రమాణం 200. వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోమంటుంది. గీజర్ కాయిలుకి, ట్యాపు జాలీలకి పట్టే గారే ఈ వాషరుకీ పడుతోంది, కాకపోతే కంటికి కనిపించదు. ఇప్పుడు మా ఆయనే ఆరేడు నెలలకోసారి ప్లేటు ఊడదీసి, ఆ సామానంతా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి బిగిస్తున్నారు. మొదటిసారి ఒక ఆదివారమంతా పట్టింది, ఇప్పుడు ముప్పావుగంట.

అమ్మ ఇంట్లో అదే కంపెనీ, అదే మోడలు. ఇప్పటికి ఒక్కసారి బటన్ పట్టేసింది, అంతే. అక్కడ బోరు ఎప్పుడో ఎండిపోయింది, రోజు విడిచి రోజు వచ్చే జలమండలి నీళ్ళే సంపులో పట్టుకుంటారు. పాత ఇల్లు ఏడిపిస్తుందని భయపడ్డాం, ఏడిపించింది కొత్త ఇల్లు. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. 2021 నుంచి సిటీలో నెలకి 20 వేల లీటర్లు ఉచితం కాబట్టి అమ్మ ఇంట్లో కారినా బిల్లులో తెలియదు. అందుకే వెళ్ళినప్పుడల్లా అక్కడా చిటికెడు రంగు చల్లి చూస్తాను. ఇప్పటిదాకా చల్లింది చల్లినట్టే ఉంది.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. మా ఫ్లాట్ రెండో బాత్రూంలో బిల్డరిచ్చిన మామూలు కమోడే ఉంది, ట్యాంకు బయటికే ఉంటుంది. నీళ్ళు అవే కాబట్టి దాని వాషరూ రెండుసార్లు పోయింది. మూత ఎత్తాం, మార్చాం, పది నిమిషాలు. పాడవుతోందని నా కోపం కాదు. చిన్న రబ్బరు ముక్క పాడైందని తెలుసుకోవడానికి రెండు నెలలు, దాన్ని అందుకోవడానికి తొమ్మిది రోజులు, ఒక కట్టరు, ఒక నిచ్చెన!

మళ్ళీ చేయిస్తానా? అమ్మకైతే రేపైనా చేయిస్తాను, ఆ ఎత్తు కోసం, ఆ అరగోడ కోసం. అది కింది అంతస్తు, నీళ్ళు మంచివి, మేస్త్రీ తొందరపడని మనిషి. ఇన్నీ కలిసొచ్చాయి. ఫ్లాట్‌లో అయితే కృష్ణా నీళ్ళో గోదావరి నీళ్ళో మా గేటు దాకా వచ్చేవరకు బయటి ట్యాంకే చాలనుకుంటున్నాను. ఒకవేళ పెట్టించినా, టైల్స్ అతికే రోజు సెలవు పెట్టి ఆ కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఉన్నదాన్ని పీకించి పారేయాలని మాత్రం లేదు. ఇంట్లో మాకు పసిపిల్లలు లేరు, మా ఆయనకి స్క్రూడ్రైవరంటే ఇష్టం, తుడిచేటప్పుడు కింద నేలంతా ఖాళీగా ఉండటం నాకూ హాయిగానే ఉంది. అవతల ఒంటరిగా ఉండేవాళ్ళకి, అద్దెకిచ్చే ఇళ్ళకి నేనైతే పెట్టించుకోమని చెప్పను.

మొన్న కొంపల్లి నుంచి వదిన ఫోన్ చేసింది. రాత్రిపూట బాత్రూంలో పిల్లి బుసకొట్టినట్టు చప్పుడవుతోందట, అన్నయ్యేమో వినిపించడం లేదంటున్నాడట.

"వదినా, ఇంట్లో రంగు ముగ్గుందా?" అని అడిగాను.