హనీమూన్‌కి హేవ్‌లాక్ దీవా, నీల్ దీవా?

కోనసీమ వాళ్లకి కొబ్బరిచెట్టు కింద ఫొటో కొత్తేం కాదు. అండమాన్‌లోని ఈ రెండు దీవులకి వెళ్లేది నీలాల నీళ్ల కోసం.

హేవ్‌లాక్ (ఇప్పటి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్): స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రంలో మునగడం), రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం. ఖర్చూ ఎక్కువే, జనమూ ఎక్కువే. స్కూబా చేశాక మర్నాటి దాకా విమానం ఎక్కకూడదు, కాబట్టి దాన్ని చివరిరోజుకి పెట్టుకోకండి.

నీల్ (ఇప్పుడు షహీద్ ద్వీప్): చిన్న దీవి, సైకిల్ మీద చుట్టేయొచ్చు. లక్ష్మణ్‌పూర్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్లాలి. రాళ్ల గుంటల్లో చేపపిల్లలు చూస్తుంటే పూట గడిచిపోతుంది. మిగతా టైమంతా నిద్రే!

శ్రావణం పెళ్లయితే ఎటెళ్లినా ఫెర్రీ టెన్షనే, సముద్రం అల్లకల్లోలమైతే ఆపేస్తారు. మాఘం పెళ్లివాళ్లు అదృష్టవంతులు.

పెళ్లి హడావిడికి ఒళ్లు హూనమైతే నీల్. కాలు నిలవని జంటకి హేవ్‌లాక్. ఒకరిది నిద్ర, ఒకరిది దూకుడు అయితే హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు, ఆ తర్వాత నీల్‌లో రెండు.