సి-10 ట్రక్కుకు బెడ్ కింద పెట్రోలు ట్యాంకు: నాలుగేళ్లు వాడాక

నా 1970 షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కులో పాత ఇంజిన్ దించి, 5.3 లీటర్ల ఎల్ఎం7 అనే వి8 ఇంజిన్ ఎక్కించి ఐదేళ్లు దాటింది. మొదటి ఏడాది పాత ట్యాంకుతోనే నెట్టుకొచ్చాను. ఆ తర్వాత నాలుగేళ్లుగా వెనక బెడ్ (సామాను వేసే తొట్టి) కింద, ఛాసిస్ పట్టాల మధ్య బిగించిన స్టీలు ట్యాంకు వాడుతున్నాను. పంపు లోపలే ఉంటుంది. ఇంజిన్ మార్పు గురించి ఎన్ని రోజులు ఆలోచించానో, ట్యాంకు గురించి కనీసం ఒక రోజు అంత ఆలోచించి ఉంటే ఆ మొదటి ఏడాది ఇబ్బంది తప్పేది.

1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ ట్రక్కుల్లో ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనక నిలువుగా ఉంటుంది. మన వీపుకూ పెట్రోలుకూ మధ్య ఉండేది సీటు ఒక్కటే. పాత ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్‌కు ఐదారు పీఎస్ఐ (ప్రెషర్ కొలత) సరిపోతుంది. ఈ కొత్త ఇంజిన్ పెట్రోలును ప్రెషర్‌తో చిమ్మే ఇంజెక్షన్ రకం, దీనికి 58 కావాలి. నేను పాత ట్యాంకు ఉంచి, ఛాసిస్ పక్కన బయటి పంపు ఒకటి బిగించాను. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉండేది. ఎండలో గంటసేపు నడిపితే మాత్రం పంపు రొద పెరిగిపోయేది. ట్యాంకులో పావు వంతే మిగిలినప్పుడు పెద్ద మలుపు తిరిగితే ఇంజిన్ ఒక్క క్షణం చచ్చి మళ్లీ లేచేది. వెనక పెద్ద బండి వస్తుంటే ఆ ఒక్క క్షణం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కారణం తర్వాత అర్థమైంది. కార్బ్యురేటర్‌లో చిన్న గిన్నె ఉంటుంది, అందులో కాస్త పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. పంపు ఒకసారి గాలి మింగినా ఆ నిలవతో ఇంజిన్ నడిచిపోతుంది. ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు, పంపు గాలి లాగిన వెంటనే ప్రెషర్ పడిపోతుంది. అందుకే ట్యాంకు ఎన్ని గ్యాలన్లు పడుతుంది, ఎంత మెరుస్తుంది అన్నవాటికంటే ముందు దాని లోపల ఏముందో చూడాలి. నా ట్యాంకులో పంపు చుట్టూ అంచులు లేపిన పళ్లెం లాంటిది ఉంది, దాని చుట్టూ అడ్డు రేకులున్నాయి. ఇంజిన్ వాడుకోగా మిగిలి వెనక్కి వచ్చే పెట్రోలు నేరుగా ఆ పళ్లెంలోనే పడుతుంది. ఈ నాలుగేళ్లలో, పెట్రోలు మీటరు ముల్లు దాదాపు అడుగున ఉన్నప్పుడు కూడా, మలుపులో ఒక్కసారీ తడబడలేదు. పంపు పెట్రోలులో మునిగి చల్లగా ఉండటం వల్ల రొద కూడా పోయింది. క్యాబిన్‌లో పెట్రోలు వాసన లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది అదే. పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు మనసులో ఉండే బరువు దిగిపోయింది.

ఫిల్టర్, రెగ్యులేటర్ (ప్రెషర్‌ను అదుపులో ఉంచేది) రెండూ ఒకే డబ్బాలో ఉండే, షెవ్రొలే వాళ్ల కార్వెట్ కారు ఫిల్టర్‌ను ట్యాంకు పక్కనే పెట్టాను. అది 58 దగ్గరే ప్రెషర్ నిలబెడుతుంది. ముందుకు ఒకే పైపు వేస్తే చాలు, మిగిలినది అక్కడినుంచే వెనక్కి వెళ్లిపోతుంది. పంపుకు బ్యాటరీ నుంచి లావు వైరు, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) తప్పనిసరి.

ఇక బాధపెట్టినవి. మొదటిది పెట్రోలు మీటరు. ఫుల్ ట్యాంకు కొట్టించి చూస్తే ముల్లు సగం కూడా దాటలేదు. నడిపేకొద్దీ అది కిందికి దిగకుండా పైకి ఎక్కుతూ వచ్చింది! నా ట్రక్కు మీటరుకు ఖాళీ అంటే 0 ఓములు (విద్యుత్ నిరోధం కొలత), ఫుల్ అంటే 90. ట్యాంకుతో వచ్చిన సెండర్ (లోపల పెట్రోలు ఎంతుందో మీటరుకు చెప్పే పరికరం) ఖాళీకి 240, ఫుల్‌కు 33. రెండూ ఒకదానికొకటి తలకిందులు. సెండర్ మార్చాక సరిపోయింది. కొనేముందే ఈ లెక్క అడిగి తెలుసుకోండి.

రెండోది ఇంకా పెద్దది. రెండున్నరేళ్లకు ఉదయం స్టార్ట్ అవడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చేది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగేది కాదు. ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే 40 దగ్గర ఆగింది. పంపు పోయిందనే అనుకున్నాను. నా బెడ్‌కు చెక్క పలకలే కాబట్టి రెండు పలకలు విప్పితే పంపు మూత చేతికి అందింది. పైకి తీసి చూస్తే పంపు నిక్షేపంగా ఉంది. దానికీ పైన ఉన్న గొట్టానికీ మధ్య జానెడు కూడా లేని రబ్బరు పైపు ఉబ్బి, నానిన తోలులా మెత్తబడింది. క్లిప్పు పక్కన వెంట్రుకంత పగులు. వేలితో నొక్కితే పెట్రోలు ఊరింది. పెట్రోలు లోపల పారడానికి చేసిన పైపు వేరు, మొత్తం పెట్రోలులో మునిగి ఉండటానికి చేసిన పైపు వేరు. మునిగేదాని మీద ఎస్ఏఈ 30ఆర్10 అనే ప్రమాణం గుర్తు ఉండాలి. అమ్మినవాళ్లు మామూలు పైపు బిగించి పంపారు. ఇంత ప్రెషర్ దగ్గర అలా చేయడం నేను క్షమించలేను. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, బిగించేముందు మూత విప్పి ఆ పైపు మీద రాసింది చదవండి. మీ బెడ్ రేకుదైతే పంపు పైన విప్పుకోగలిగే మూత ముందే చేయించుకోండి, లేకపోతే ప్రతిసారీ ట్యాంకు మొత్తం కిందికి దించాలి.

ట్రక్కును బాగా కిందికి దించినవాళ్లు యాక్సిల్ పైకి లేచినప్పుడు ట్యాంకుకు ఎంత సందు మిగులుతుందో కొలిచి తీరాలి. నాది అసలు ఎత్తులోనే ఉంది కాబట్టి ఆ సమస్య రాలేదు.

పెట్రోలు పోయించేటప్పుడు నాజిల్ మాటిమాటికీ టక్కుమని ఆగిపోవడం రెండేళ్లు భరించాను. నింపే గొట్టానికి వాలు చాలక, గాలి బయటికి పోయే పైపు మరీ సన్నగా ఉండి అలా అయ్యేది. పైపు లావుది వేసి, గొట్టం మూతి రెండంగుళాలు పైకి జరిపాను. ఇప్పుడు ఏకధాటిగా నిండుతుంది. చివర్లో ఒకసారి ఆగుతుంది, నేనూ అక్కడే ఆపేస్తాను. ఎండకు పెట్రోలు వ్యాకోచించడానికి పైన ఆ కాస్త చోటు ఉండాలి.