సిగ్నల్ వైరు పీకగానే పని మానేసే పెట్టె ‘యాక్టివ్ బేస్ ట్రాప్’ కాదు: కొనబోయేవాళ్ళకు హెచ్చరిక

గదిలో ఒక మూల బేస్ (పాటలోని లోతైన, తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం) గుమ్మని ఉబ్బిపోతుంది, రెండడుగులు పక్కకు జరిగితే మాయమైపోతుంది. ఈ బాధ పడుతున్నవాళ్ళనే లక్ష్యంగా చేసుకుని ‘యాక్టివ్ బేస్ ట్రాప్’, ‘రూమ్ బేస్ కంట్రోలర్’ అనే పేర్లతో కొన్ని పెట్టెలు అమ్ముతున్నారు. విప్పి చూస్తే లోపల మామూలు సబ్‌వూఫర్, ఒక ఆంప్లిఫయర్, ఈక్వలైజర్ (ఈక్యూ: ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే తగ్గించే ఏర్పాటు) ఉన్న డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) బోర్డు. గదిని వినడానికి మైకే లేదు. శబ్దాన్ని పీల్చుకునే పరికరమని డబ్బు కట్టి, ఈక్యూ ఉన్న సబ్‌ను ఇంటికి తెచ్చుకుంటున్నారు. వాపసు గడువు దాటకముందే తేల్చుకోండి. గంటసేపటి పని.

అసలైనది ఎలా పనిచేస్తుందో తెలిస్తే నకిలీ ఇట్టే దొరికిపోతుంది. దాని ముందుభాగంలో మైక్ ఉంటుంది. మూలలో గాలి ఒత్తిడి పెరగగానే మైక్ పట్టుకుంటుంది, ఆంప్లిఫయర్ స్పీకర్ కోన్‌ను లోపలికి లాగుతుంది. ఒత్తిడి తగ్గితే బయటికి నెడుతుంది. గోడకు కొట్టుకుని వెనక్కి రావాల్సిన అలలో కొంత అక్కడే ఇంకిపోతుంది, గోడకు అంతమేర కిటికీ తెరిచినట్టు. ఇదేమీ కొత్త ఊహ కాదు. మైకు, ఆంప్లిఫయరు, స్పీకరు కలిపి శబ్దాన్ని పీల్చే ఏర్పాటును హ్యారీ ఓల్సన్, ఎవరెట్ మే 1953లోనే వివరించారు. ఇవాళ పీఎస్ఐ ఆడియో అనే కంపెనీ అమ్మే ఏవీఏఏ అనే ట్రాప్ పెట్టెలకు ఆడియో ఇన్‌పుట్టే ఉండదు. గదిలో ఏ స్పీకర్ మోగుతోందో దానికి అనవసరం, తన ముందున్న ఒత్తిడే దానికి సిగ్నల్.

కాబట్టి మొదట వెనకవైపు చూడండి. లైన్ ఇన్ సాకెట్, ఫ్రీక్వెన్సీ నాబ్, గెయిన్ నాబ్ ఉండి ముందు ఎక్కడా మైక్ రంధ్రం కనబడకపోతే అనుమానించాల్సిందే. అయితే సిగ్నల్ తీసుకునేవన్నీ మోసం కాదు. గది శబ్దాన్ని సరిదిద్దే డిరాక్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఆర్‌టీ (యాక్టివ్ రూమ్ ట్రీట్‌మెంట్) లాంటివి ఒక స్పీకర్ రేపిన ప్రతిధ్వనిని మిగతా స్పీకర్లతో అణుస్తాయి, నిజంగానే అణుస్తాయి. కానీ ఆ ప్రాసెసర్ గుండా వెళ్ళిన శబ్దం మీదే వాటి ప్రభావం. అమ్మేవాళ్ళు ఆ మాట దాచకుండా చెబితే తప్పు లేదు. ఈక్యూను ‘శోషణ’ అని అమ్మడమే తప్పు.

ఇక పరీక్ష. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, యూమిక్-1 లాంటి కొలత మైక్ ఒకటి చాలు. పెట్టెకు వెళ్ళే సిగ్నల్ వైరు పీకేయండి, కరెంటు మాత్రం ఉంచండి. దానితో సంబంధం లేని వేరే స్పీకర్ నుంచి 15 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వీప్ (క్రమంగా ఫ్రీక్వెన్సీ పెరిగే శబ్దం) వదలండి, మైక్ దగ్గర సుమారు 75 డెసిబెల్స్ ఉండేలా. స్టాండ్ కాళ్ళ కింద టేపు అంటించి మైక్ చోటు గుర్తు పెట్టుకోండి. పెట్టెను ఆఫ్ చేసి ఒకటి, ఆన్ చేసి ఒకటి, మళ్ళీ ఆఫ్ చేసి ఒకటి కొలవండి. రెండు ఆఫ్ గీతలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అర డెసిబెల్ మించి తేడా వస్తే మైకో కుర్చీయో తలుపో కదిలిందన్నమాట, మళ్ళీ మొదటినుంచి కొలవాల్సిందే. ఆఫ్ కొలతప్పుడు పెట్టెను బయటికి తీసేయకండి, అక్కడే ఉండనివ్వండి. అప్పుడే తేడా అంతా దాని పనితనం వల్లే వచ్చిందని నమ్మొచ్చు. ఇదంతా కూర్చునే చోట, వెనక గోడ దగ్గర, ఒక మూలలో, మూడుచోట్లా చేయండి.

చూడాల్సింది వాటర్‌ఫాల్ గ్రాఫ్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ శబ్దం ఆగాక ఎంతసేపు సాగుతుందో చూపేది. 5 మీటర్ల పొడవున్న గదికి మొదటి మోడ్ (గది కొలతను బట్టి ఉబ్బే ఫ్రీక్వెన్సీ) 34 హెర్ట్జ్ దగ్గర పడుతుంది (343ని పొడవుకు రెట్టింపుతో భాగించండి). ఆఫ్‌లో ఆ 34 దగ్గర ఒక గట్టు ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తుంది, మిగతా శబ్దమంతా చచ్చాక కూడా అదొక్కటే సాగుతుంటుంది. ఆన్ చేయగానే ఆ గట్టు పొట్టిదవ్వాలి, మూడుచోట్లా. మూడుచోట్లా గీతలు చెక్కుచెదరకపోతే మీ పెట్టె గదిలో ఏమీ చేయట్లేదు. వైరు తగిలించి కూర్చునే చోట మాత్రమే కొలిస్తే మోసపోతారు. ఎందుకంటే ఈక్యూతో 34ను కోసినా ఆ ఒక్క చోట శిఖరం, సాగుడు రెండూ తగ్గినట్టే కనిపిస్తాయి. గది మాత్రం మారదు.

తర్వాత అదే స్వీప్ 90 డెసిబెల్స్ దగ్గర వేయండి. చిన్న కోన్ కదలగలిగిన దూరం అయిపోతే అసలైన ట్రాప్ కూడా చేతులెత్తేస్తుంది. ప్రకటనల్లోని గ్రాఫులు తక్కువ శబ్దం దగ్గర తీసినవైతే ఈ సంగతి బయటపడదు. ఆ గ్రాఫులను నిలువు స్కేలు చూడకుండా నమ్మకండి. 100 డెసిబెల్స్ స్కేలు మీద ఎంత గుంతైనా (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం పడిపోయిన చోటు) సాపుగానే కనిపిస్తుంది, 50 స్కేలు మీద చూపమనండి. మూడో వంతు ఆక్టేవ్ స్మూతింగ్ (ఎత్తుపల్లాలను సగటు చేసి చదును చేయడం) వేసిన బేస్ గ్రాఫ్ అయితే పక్కన పడేయండి.

ఈక్యూతో గుంతలు పూడుస్తామనే వాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. అదే 5 మీటర్ల గదిలో సరిగ్గా నడిమధ్య కూర్చుంటే 34 హెర్ట్జ్ దాదాపు వినపడదు. దాన్ని 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పదింతలు పవర్ ఇవ్వాలి. ఇచ్చినా గుంత పూడదు, ఎంత పంపినా ఆ బిందువు దగ్గర అంతా రద్దవుతూనే ఉంటుంది. ఈలోగా వూఫర్ కాయిల్ కాలే ప్రమాదం ఉంది. కుర్చీ అరమీటరు వెనక్కి జరపడం మేలు.

‘వెనక గోడకు ఇంకో సబ్ పెట్టి ఫేజ్ 180 చేయండి, డబుల్ బేస్ అరే అయిపోతుంది’ అనేది మరో అబద్ధం. డబుల్ బేస్ అరే అంటే ముందు గోడ వూఫర్లు పంపిన అలను వెనక గోడ వూఫర్లు రద్దుచేసే పద్ధతి. ఆ పద్ధతికి ముందు గోడ మీద నాలుగు వూఫర్లు కావాలి, వెడల్పులోనూ ఎత్తులోనూ పావు, ముప్పావు దూరాల్లో. అప్పుడే అల సమతలంగా నడుస్తుంది. వెనక గోడ మీదా అలాగే నాలుగు. పోలారిటీ (కోన్ కదిలే దిశ) తిప్పడంతోపాటు అల గది దాటే సమయమంత ఆలస్యం కూడా ఇవ్వాలి, 5 మీటర్లకు 14.6 మిల్లీసెకన్లు. ఫేజ్ స్విచ్‌తో ఆ ఆలస్యం రాదు. ఆలస్యం లేకుండా తిప్పితే కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టేసుకుంటాయి, కొన్ని మరింత ఉబ్బుతాయి. గది దీర్ఘచతురస్రం కాకపోతే ఈ లెక్కే కుదరదు.

అసలైన ట్రాప్ కొన్నా ఒక్కటి సరిపోతుందని ఆశ పెట్టుకోకండి, రెండు మూలలకు రెండైనా లెక్క వేసుకోండి. గోడ దగ్గర గాలి కదలిక ఉండదు, ఒత్తిడే గరిష్ఠం. అందుకే దాని చోటు మూల.  నిశ్శబ్దంలో దగ్గర కూర్చుని సన్నటి హిస్ ఎంత వస్తోందో వినండి. పక్కింటికి బేస్ పోకుండా ఆపుతుందని ఎవరైనా చెబితే అక్కడితో బేరం ఆపేయండి, అది గోడ బరువు చేసే పని.

వాపసు పంపేటప్పుడు స్క్రీన్‌షాట్లు కాకుండా కొలతల అసలు ఫైళ్ళే జతచేయండి. ఆఫ్, ఆన్, ఆఫ్, మూడుచోట్లా కలిపి తొమ్మిది. సిగ్నల్ వైరు పీకి ఉన్నట్టు వెనక ప్యానెల్ ఫొటో కూడా పెట్టండి.