సీల్‌కు ఏ చేప మేలు: తాజాదా, ఫ్రీజర్‌దా?

మృగశిర కార్తె నాడు రాంనగర్ మార్కెట్‌లో మొప్పలు ఎత్తి చూసి, ఎర్రగా ఉంటేనే బేరం మొదలుపెట్టే మనకు ఐస్ చేపంటే చిన్నచూపు. అక్వేరియంలలో పెరిగే సీళ్ల (చేపలు తినే సముద్ర జంతువుల) విషయంలో మాత్రం నా ఓటు ఫ్రీజర్ చేపకే.

తాజా చేపలో విటమిన్లు నిలిచి ఉంటాయి, నిజమే. కానీ అనిసాకిస్ లాంటి పురుగులు బతికే ఉండొచ్చు. బాగా గడ్డకట్టిస్తే అవి చస్తాయి. పైగా తాజా సరుకు ఏడాది పొడవునా ఒకేలా దొరకదు.

ఫ్రీజర్ చేపతో అసలు చిక్కు విటమిన్ల దగ్గరే. హెర్రింగ్ వంటి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నిల్వలో ఉన్నప్పుడూ అది విటమిన్ బి1ను నాశనం చేస్తూనే ఉంటుంది. లోటు ముదిరితే సీల్ తిండి మానేస్తుంది, మూర్ఛలు వస్తాయి. పాపం, నోరులేని జీవం! చేప కొవ్వు పాడయ్యేకొద్దీ విటమిన్ ఇ కూడా తగ్గిపోతుంది. అందుకే కిలో చేపకు 25–30 మిల్లీగ్రాముల బి1, 100 ఐయూ (అంతర్జాతీయ యూనిట్ల) విటమిన్ ఇ ఇవ్వాలన్నది చాలాకాలంగా ఉన్న సలహా. మాత్రను చేప మొప్పల్లో దోపి తినిపిస్తారు.

గడ్డ కరగాల్సింది ఫ్రిజ్‌లోనే. నీళ్లలో నానబెడితే బి విటమిన్లు కొట్టుకుపోతాయి. సీల్‌కు కావలసిన నీరు కూడా చాలావరకు చేపలోంచే అందుతుంది కాబట్టి, నిల్వలో ఎండిపోయిన చేపను పక్కన పడేయాల్సిందే.