ఈఎక్స్‌ఈ చేశాక లోగో యాడికి పోయింది? పైఇన్‌స్టాలర్‌తో నాలుగేళ్లు

కర్నూలు మార్కెట్ యార్డులో మా మామకు ఉల్లిగడ్డల కమీషన్ కొట్టు ఉంది. రైతుకిచ్చే పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కోసం నాలుగేళ్ల కింద పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. సంచులు, కాటా తూకం, హమాలీ, కమీషన్ కొడితే పట్టీ ప్రింటవుతుంది. కొట్టులోని కంప్యూటర్లో పైథాన్ లేదు కాబట్టి ప్రోగ్రాంను పైథాన్‌తో సహా మూటకట్టే పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో ఈఎక్స్‌ఈ (విండోస్‌లో నేరుగా తెరుచుకునే ఫైల్) చేశాను. ఇప్పటికీ అదే వాడుతున్నా.

మొదటి రోజే దెబ్బ తగిలింది. నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచింది, అక్కడ డబుల్ క్లిక్ చేస్తే ఏమీ రాలేదు. కన్సోల్ (మెసేజ్‌లు కనబడే నల్ల కిటికీ) లేకుండా బిల్డ్ చేశాను కాబట్టి ఎర్రర్ కూడా కనబడలేదు. కన్సోల్‌తో మళ్లీ చేస్తే తెలిసింది, లోగో దొరకలేదట. కోడ్‌లో ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు మాత్రమే రాసుకున్నాను. అలా రాస్తే ప్రోగ్రాం ఉన్నచోట కాదు, దాన్ని ఏ ఫోల్డర్ నుంచి నడిపితే అక్కడ వెతుకుతుంది. పైగా పైఇన్‌స్టాలర్ ఇంపోర్టులను (కోడ్ వాడుకునే పైథాన్ లైబ్రరీలను) తనే పట్టుకుంటుంది గానీ, యాడ్-డేటా ఆప్షన్‌తో మనం చెప్పకపోతే బొమ్మలు, ఫాంట్లు మూటలోకి ఎక్కవు.

నేను వాడిన వన్‌ఫైల్ పద్ధతిలో (అంతా ఒకే ఈఎక్స్‌ఈ) ఆ మూట తెరిచిన ప్రతిసారీ విండోస్ తాత్కాలిక ఫైళ్లుండే టెంప్‌లో ఒక కొత్త ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. దాని దారి పైథాన్ సిస్ మాడ్యూల్‌లో ఎంఈఐపాస్ (sys._MEIPASS) అనే పేరుతో దొరుకుతుంది. అది ఉంటే అక్కడి నుంచి, లేకపోతే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ నుంచి దారి కట్టే నాలుగు లైన్ల ఫంక్షన్ రాశాను. లోగో వచ్చింది. ఆ ఉత్సాహంలో పట్టీలు దాచే డేటాబేస్‌కు కూడా అదే ఫంక్షన్ తగిలించాను. నా అతితెలివి!

మర్నాడు పొద్దున్నే మామ ఫోన్. "అల్లుడూ, నిన్నటి పట్టీలన్నీ యాడికి పోయినాయి? ఒక్కటీ లేదు."

ప్రోగ్రాం మూయగానే ఆ టెంప్ ఫోల్డర్ చెరిగిపోతుంది, అందులో రాసిన పట్టీలు కూడా దాంతోనే పోయాయి. కార్బన్ పుస్తకం ఉండబట్టి సరిపోయింది, రాత్రంతా కూర్చొని మళ్లీ ఎక్కించాను. చదవడానికి మాత్రమే ఉన్నవి మూటలో ఉండొచ్చు. రాసేవి యాప్‌డేటాలోకే (ప్రోగ్రాంల డేటా కోసం ప్రతి యూజర్‌కూ విండోస్‌లో ఉండే ఫోల్డర్) పోవాలి. ప్రోగ్రాం ఫైల్స్‌లో పెడదామన్నా మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి ఉండదు.

వన్‌ఫైల్‌ను తర్వాత మానేశాను. పాత హార్డ్‌డిస్క్ మీద తెరుచుకోవడానికి నిదానం, యాంటీవైరస్ అనుమానం, కరెంటు పోయినప్పుడల్లా చెరగకుండా మిగిలే టెంప్ ఫోల్డర్లు. వన్‌డిర్ (ఈఎక్స్‌ఈ, మిగతా ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో విడివిడిగా ఉండే పద్ధతి) హాయిగా ఉంది. కాకపోతే 2023లో పైఇన్‌స్టాలర్ 6.0 వచ్చినప్పుడు ఈఎక్స్‌ఈ తప్ప మిగతా ఫైళ్లన్నీ ఇంటర్నల్ అనే ఫోల్డర్‌లోకి మారాయి. ఈఎక్స్‌ఈ పక్కనే ఉంటుందనుకొని రాసిన ఫాంట్ దారి తెగి, తెలుగు పేర్లు డబ్బాలుగా ప్రింటయ్యాయి. దారిని ఈఎక్స్‌ఈ నుంచి లెక్కపెట్టడం నా తప్పే, కానీ ఆ రోజు తిట్టుకున్నది మాత్రం పైఇన్‌స్టాలర్‌నే.

డబ్బు పెట్టకుండా ఇంత పని చేసిపెట్టేది కాబట్టి నేను మార్చను. ఇప్పుడు ప్రతి బిల్డ్‌కూ ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరు మార్చి, ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లో పెట్టి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి తెరిచి, ఒక దొంగ పట్టీ కొట్టి, మూసి, మళ్లీ తెరుస్తా. ఆ పట్టీ కనబడితేనే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొని యార్డుకు బయలుదేరతా.