ఇద్దరు తోడల్లుళ్ల వ్యాపారం: భాగస్వామ్య సంస్థా, ఎల్‌ఎల్‌పీయా, ప్రైవేట్ లిమిటెడా?

విశాఖపట్నంలో, గాజువాక వైపు ఇద్దరు తోడల్లుళ్లు కలిసి రొయ్యల పచ్చడి, అరకు కాఫీ పొడి ప్యాకెట్లు కట్టి అమ్మే వ్యాపారం మొదలుపెట్టారనుకుందాం. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత అనుమతి సంస్థ ఏ రూపంలో ఉన్నా తప్పవు కనుక వాటిని పక్కన పెడదాం. తేల్చుకోవలసింది సంస్థ రూపం. దానికంటే ముందు, నా ఉద్దేశంలో, సంస్థ పేరు.

అన్నిటికంటే చవకైనది భాగస్వామ్య సంస్థ. 1932 నాటి చట్టం ప్రకారం ఒప్పంద పత్రాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. అసలు పత్రమే లేకుండా నోటిమాటతో కలిసి వ్యాపారం చేసినా అది భాగస్వామ్యమే అవుతుంది. అయితే పూర్ణా మార్కెట్‌లోని దుకాణదారు 2 లక్షల సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొడితే, రిజిస్టరు కాని సంస్థ ఆ బాకీ కోసం దావా వేయలేదని అదే చట్టంలోని 69వ సెక్షన్ చెబుతోంది. అంతకంటే భయపడవలసింది మరొకటి ఉంది. సంస్థ పేరున ఒక తోడల్లుడు చేసిన అప్పుకు రెండోవాడి ఇల్లు కూడా పూచీ పడుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, ఇద్దరిలో ఒకరు మరణించినప్పుడు సంస్థ కూడా రద్దవుతుంది.

ఈ చివరి రెండు చిక్కులనూ 2008 చట్టంతో వచ్చిన ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) చాలావరకు తీరుస్తుంది. దానికి చట్టరీత్యా సొంత ఉనికి ఉంటుంది, భాగస్వాముల బాధ్యత వారు పెట్టిన పెట్టుబడికే పరిమితమవుతుంది. టర్నోవరు 40 లక్షల రూపాయలు గాని, పెట్టుబడి 25 లక్షలు గాని దాటనంతవరకు ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కరలేదు. ఏటా మే 30లోగా ఫారం 11, అక్టోబరు 30లోగా ఫారం 8 దాఖలు చేయాలి. వ్యాపారం సాగకపోయినా ఇవి తప్పవు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీస మూలధన నిబంధన 2015లోనే పోయింది కనుక, ప్రారంభించడం అనుకున్నంత కష్టం కాదు. నడపడమే ఖర్చు. ఒక్క రూపాయి అమ్మకం లేని ఏడాదిలోనూ ఆడిట్ చేయించాలి, వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పెరుగుతూనే ఉంటుంది. దీనికి బదులుగా దక్కేవి రెండు: బయటి పెట్టుబడిదారుకు వాటాలు ఇవ్వగలగడం, లాభంపై 22 శాతం పన్ను రేటును ఎంచుకునే వీలు. భాగస్వామ్య సంస్థకూ ఎల్‌ఎల్‌పీకీ ఆ రేటు 30 శాతం. కాని కంపెనీ పంచే డివిడెండుపై వాటాదారు మళ్లీ పన్ను కట్టాలి, ఎల్‌ఎల్‌పీ నుంచి వచ్చే లాభం వాటాపై భాగస్వామికి పన్ను లేదు. కాబట్టి లాభాన్ని ఇంటి ఖర్చులకు తెచ్చుకునే కుటుంబానికి 22 అనే అంకె కనిపించినంత చవక కాదు.

పరిమిత బాధ్యత గురించి ఒక మాట. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు సాధారణంగా భాగస్వాముల చేతనో డైరెక్టర్ల చేతనో వ్యక్తిగత హామీ రాయించుకుంటుంది. ఆ సంతకం పడ్డాక ఆ అప్పు మేరకు కవచం లేనట్టే. అయినా సరుకు సరఫరాదారుల బాకీలు, పచ్చడి పాడై వచ్చే నష్టపరిహార దావాల విషయంలో అది పనికొస్తుంది. అందువల్ల బయటి పెట్టుబడి ఆలోచన లేనంతకాలం ఈ తోడల్లుళ్లకు ఎల్‌ఎల్‌పీయే మేలని నా అభిప్రాయం. తర్వాత పెట్టుబడిదారు దొరికితే దానిని కంపెనీగా మార్చుకోవచ్చు.

రూపాన్ని మార్చుకోవచ్చు గాని, జనం నోట నానిన పేరును మార్చడం తేలిక కాదు. ఎల్‌ఎల్‌పీకో కంపెనీకో పేరు మంజూరైతే ఆ పేరు తమదైపోయిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు, సరుకుపై ఉండే గుర్తుకు రక్షణ ఇచ్చేది 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం. ఆ చట్టం కింద సరుకులను విభజించిన తరగతుల్లో పచ్చళ్లు 29వ తరగతి, కాఫీ పొడి 30వ తరగతి కనుక రెండు రుసుములు కట్టాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సంస్థలకు తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. గుర్తు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రచురితమయ్యాక 4 నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు; రిజిస్టరైతే దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది.

“వైజాగ్ రొయ్యల పచ్చడి” వంటి పేరు ఊరినీ సరుకునూ తప్ప మరేమీ చెప్పదు కనుక దానికి ఆక్షేపణ రావడం ఖాయమనుకోవాలి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే పేరును పరిమితం చేసే రక్షణ) వచ్చింది కాబట్టి కాఫీ ప్యాకెట్టు మీద ఆ మాట వాడే ముందు మరింత జాగ్రత్త అవసరం. సరుకుతో సంబంధం లేని కల్పిత పదమే బలమైన గుర్తు.

ఇక దరఖాస్తు ఎవరి పేరున? రుసుము ఎలాగూ ఒకటే కనుక, ఎల్‌ఎల్‌పీ నమోదై, ఉద్యమ్ పత్రం చేతికి వచ్చాక దాని పేరునే వేయడం మంచిది. ఒక తోడల్లుడి పేరున వేస్తే, రేపు ఇద్దరూ విడిపోయిన రోజున గుర్తు అతనితోనే వెళ్లిపోతుంది. అప్పటికే అలా వేసి ఉంటే, సత్సంబంధాలు ఉన్నప్పుడే రాతపూర్వకంగా దానిని ఎల్‌ఎల్‌పీకి బదిలీ చేయించుకోవాలి.